వన్యప్రాణి సంరక్షణలో దాతృత్వం

అడవులను, గడ్డి మైదానాలను, తీరాలను, వాటిలో బతికే జీవాలను కాపాడేందుకు వ్యక్తులు, కుటుంబ ట్రస్టులు, కంపెనీలు, సభ్యుల చందాలతో నడిచే సంఘాలు లాభం ఆశించకుండా ఇచ్చే డబ్బు, భూమి, శ్రమ అన్నీ వన్యప్రాణి దాతృత్వం కిందికి వస్తాయి. ప్రపంచంలో చాలాచోట్ల ఈ పనిలో పెద్ద వాటా ప్రభుత్వాలదే. రేంజర్ల జీతాలు, పార్కుల సరిహద్దులు, వేట కేసులు, గ్రామాల తరలింపు బడ్జెట్ మీదే నడుస్తాయి. దాతల డబ్బు ఆ పక్కన చిన్నదిగానే కనిపిస్తుంది. అయినా గత వందేళ్లలో సంరక్షణ మలుపు తిరిగిన చాలా చోట్ల ముందు పడిన రూపాయి దాతదే.

కొరత ఎంతో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన కున్‌మింగ్–మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందం ప్రకారం ప్రకృతి పరిరక్షణకు ఏటా 70,000 కోట్ల డాలర్ల నిధుల లోటు ఉంది. 2030 నాటికి అన్ని వైపుల నుంచీ కలిపి ఏటా కనీసం 20,000 కోట్ల డాలర్లు సమీకరించాలని, భూమిలో, సముద్రంలో 30 శాతం చొప్పున రక్షణలోకి తేవాలని దేశాలు అంగీకరించాయి. అమెజాన్ సంస్థాపకుడు జెఫ్ బెజోస్ 2020లో వాతావరణం, ప్రకృతి కోసం ప్రకటించిన నిధి 1,000 కోట్ల డాలర్లు. దాన్నంతా ఒకే ఏడాది ఈ పనికే కుమ్మరించినా ఆ ఏటి లోటులో డెబ్బయ్యో వంతు తీరుతుంది. లోటు పూడ్చడం దాతల వల్ల అయ్యే పని కాదు. వాళ్ల డబ్బు చేయగలిగిన పని వేరే ఉంది. గిన్నెడు పాలను పెరుగు చేసేది చెంచాడు తోడు. పాలు పోయాల్సింది ప్రభుత్వం, తోడు వేయాల్సింది దాత. పాలు లేని గిన్నెలో ఎంత తోడు వేసినా పెరుగు కాదు. రేపటి దాతృత్వం గురించి ఏ చర్చ అయినా ఈ లెక్క దగ్గరే మొదలవ్వాలి.

పాత జాడలు

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శాసనాలూ ఉన్నాయి. వాటిలో మొదటిది రాజుగారి వంటశాలలో జంతువధ బాగా తగ్గించామని చెబుతుంది. రెండోది మనుషులతోపాటు పశువులకూ వైద్యం, మందు మొక్కల పెంపకం, దారుల వెంట బావులు ఏర్పాటు చేసినట్టు చెబుతుంది. మూగజీవి కోసం ఖజానా తెరిచిన ముచ్చట తెలుగు నేల మీద ఇంత పాతది.

తర్వాతి శతాబ్దాల్లో మన దానధర్మాలు చెరువులుగా, సత్రాలుగా, చలివేంద్రాలుగా, అన్నదానాలుగా, గోశాలలుగా పెరిగాయి. అడవి జంతువుకు వాటిలో చోటు దొరకలేదు. అడవి రాజుదో, జమీందారుదో, ఆ తర్వాత సర్కారుదో అయింది. ‘అడవికి దానం’ అన్న మాట ఈనాటికీ మన చెవికి కొత్తగా వినిపించడానికి అదీ ఒక కారణం.

దానం అని ఎవరూ పేరు పెట్టని దానం మాత్రం ఊళ్లలో ఉంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఆ నెలల్లో చెట్ల కింద రెట్ట, పిల్లల నోటి నుంచి జారిన చేపలు, వాటి కంపు. చెట్టు ఇంటివాళ్లదే అయినా ఆ కాలంలో దాని మీద చెయ్యి వేయరు. పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని అక్కడి నమ్మకం. ఒక కుటుంబం వదులుకున్న కట్టెలూ చెట్టు ఫలసాయమూ ఏ ట్రస్టు వార్షిక నివేదికలోనూ కనిపించవు. పేదవాడు భరించిన ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోకుండా ధనికుడి చెక్కును మాత్రమే దాతృత్వం అంటే ఈ విషయంలో సగమే చెప్పినట్టు.

సంఘాల నుంచి సంపన్నుల దాకా

ఆధునిక రూపంలో వన్యప్రాణి దాతృత్వం మొదలైంది ఆడవాళ్ల ఉద్యమంతో. టోపీల మీద ఈకల కోసం పక్షులను చంపే వ్యాపారానికి ఎదురు తిరిగిన ఇంగ్లండు మహిళలు 1889లో పెట్టిన సంఘమే నేటి రాయల్ సొసైటీ ఫర్ ద ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్. ఇప్పుడు దానికి పది లక్షలకు పైగా సభ్యులున్నారు. అమెరికాలో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇంకో దారి తొక్కాడు. తన పేరు బయటికి రాకుండా ఒక కంపెనీ పెట్టించి, జాక్సన్ హోల్ లోయలో భూములు కొనిపించి, 1949లో 30 వేల ఎకరాలకు పైగా ప్రభుత్వానికి అప్పగించాడు. మరుసటి ఏడాది గ్రాండ్ టెటన్ జాతీయ పార్కు ఆ భూమిని కలుపుకుని విస్తరించింది. 1961లో స్విట్జర్లాండ్ కేంద్రంగా పుట్టిన వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ పాండా బొమ్మతో సామాన్యుల చందాలను దేశాల సరిహద్దులు దాటించింది.

భారతదేశంలో ప్రాజెక్ట్ టైగర్ ఈ మూడో దారిలో వచ్చింది. ఆ సంస్థ తరఫున గై మౌంట్‌ఫర్ట్ ప్రధాని ఇందిరాగాంధీని కలిసి పది లక్షల డాలర్లు సేకరించి ఇస్తామన్నాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అభయారణ్యాలతో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఆ తర్వాతి యాభై ఏళ్ల ఖర్చంతా దాదాపు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే. ఆ పది లక్షల డాలర్లు ఎప్పుడో కరిగిపోయాయి. కానీ ఒక ప్రధాని పట్టుదలకు బయటి నుంచి అండ దొరికింది, పథకానికి ఊపిరి వచ్చింది. 2006లో 1,411గా లెక్కించిన పులులు 2022 అంచనాలో 3,682 అయ్యాయి. తోడు వేయడమంటే ఇదే.

కలివి కోడి: ఒక పక్షి, కొన్ని చందాలు

దాతృత్వం బలమూ బలహీనతా ఒకేచోట చూడాలంటే కడప జిల్లాకు వెళ్లాలి. కలివి పొదల మధ్య తిరిగేది కనుక కలివి కోడి అని పేరు పడిన ఈ పక్షిని 1848లో మద్రాసు సైన్యపు వైద్యుడు థామస్ జెర్డన్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుల వెతుకులాటలో, ఊళ్లో వేట తెలిసిన ఒక మనిషి రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తేవడంతో బతికే ఉందని తేలింది. ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పగలు పొదల్లో నక్కి, రాత్రి తిరిగే పక్షిని లెక్కపెట్టడం ఎలా? 2000ల మొదట్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచారు. తెల్లవారి వెళ్లి ఆ మట్టి మీద వంగి చూసేవారు. కౌజు, తీతువు, కోడి, ఉడుము, నక్క ఎవరెవరు దాటారో అందులో అచ్చుపడి ఉండేది. కలివి కోడి కాలికి వెనకవేలు ఉండదు, ముందుకు చూసే మూడు వేళ్లే. ఆ మూడు గీతల కోసం నెలల తరబడి చూశారు. పక్షి పూర్తిగా దట్టమైన పొదల్లోనూ ఉండదని, బయలు మైదానంలోనూ ఉండదని, రెంటికీ మధ్యస్థంగా మేకలూ గొర్రెలూ కొంత మేసే నేలనే కోరుకుంటుందని ఈ పనితోనే తేలింది. మేపు పూర్తిగా ఆపేస్తే పొదలు మూసుకుపోతాయి, విచ్చలవిడిగా నరికితే నేల బోసిపోతుంది. ఏ అభయారణ్య నిర్వహణకైనా ఇంత సూక్ష్మమైన సంగతి ఎంతో విలువైనది.

ఈ పని ఖర్చులో బ్రిటన్ ప్రభుత్వపు డార్విన్ ఇనిషియేటివ్ వాటా ఉంది, ఆ దేశపు పక్షుల సంఘం అండ ఉంది. మరోలా చెప్పాలంటే కడప పొదల్లో మట్టి పట్టీ పరిచిన కూలిలో ఇంగ్లండులోని ఒక టీచరు, ఒక రిటైర్డ్ గుమాస్తా కట్టిన సభ్యత్వ రుసుం కొంత కలిసింది. ఆ పక్షిని వాళ్లు చూడలేదు, చూడబోరు. తెలుగుగంగ కాలువ తవ్వకం పక్షి ఆవాసం మీదుగా సాగినప్పుడు ఈ సమాచారమే అడ్డు నిలిచింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లి, కాలువ దారి మారింది. ఎక్కడెక్కడ పక్షి ఉందో చూపే పటం చేతిలో లేకపోతే ఆ వాదన నిలిచేది కాదు.

ఆ తర్వాతి కథ కష్టమైనది. 2000ల చివరి నుంచి ఏళ్ల తరబడి కలివి కోడి కంటికీ, చెవికీ దొరకలేదు. గ్రాంట్లు మామూలుగా మూడేళ్లకు ఇస్తారు. మూడేళ్లు అయ్యాక నివేదిక రాస్తారు, బృందం చెదిరిపోతుంది, ఊళ్లో పాదముద్రలు చదవడం నేర్చిన మనిషి మళ్లీ మేకల వెంట వెళ్తాడు. పక్షి కనబడని కాలంలోనే వెతకడం మరింత అవసరం. డబ్బు సరిగ్గా ఆ కాలంలోనే ఆగిపోతుంది. దాతలందరూ కనిపించే ఫలితాన్ని కోరుకుంటే కనిపించని జీవికి దిక్కెవరు? అబుదాబి కేంద్రంగా 2009లో మొదలైన మొహమ్మద్ బిన్ జాయెద్ జాతుల సంరక్షణ నిధి గరిష్ఠంగా 25 వేల డాలర్ల చొప్పున చిన్న గ్రాంట్లు ఇచ్చేది ఇలాంటి, పేరు లేని జీవాల కోసమే. పులికీ ఏనుగుకూ దాతలు దొరుకుతారు. కప్పకు, చేపకు, పొదల పిట్టకు ఇలాంటి నిధులే ఆధారం.

కారణం వెతకడానికి పెట్టిన డబ్బు

రాబందుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1990ల నుంచి మన ఆకాశంలో రాబందులు మాయమవుతూ వచ్చాయి. తెల్లవీపు రాబందులు 1992–2007 మధ్య 99.9 శాతం తగ్గాయి. ఏదో జబ్బు అని చాలామంది అనుకున్నారు. విరాళాలతో నడిచే అమెరికా సంస్థ పెరెగ్రీన్ ఫండ్ తరఫున పాకిస్తాన్‌లో చచ్చిన పక్షులను కోసి చూసిన పశువైద్యుడు లిండ్సే ఓక్స్ బృందం అసలు దోషిని పట్టుకుంది. అది పశువులకు వాడే నొప్పి మందు డైక్లోఫెనాక్. ఆ మందు పడిన పశువు కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చనిపోతోంది. ఈ ఫలితం 2004లో అచ్చయింది, 2006లో భారత్ ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. రాబందులు లేకపోవడంతో మనుషులకు జరిగిన నష్టాన్ని లెక్కగట్టిన 2024 నాటి ఒక ఆర్థిక అధ్యయనం, అయిదేళ్లలో దాదాపు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయని అంచనా వేసింది. ఆ శవపరీక్షలకు అయిన ఖర్చు ఈ నష్టం ముందు ఏపాటిది! ప్రభుత్వ శాఖ ‘జబ్బు ఏదో తెలియదు’ అన్న ఫైలు మీద డబ్బు మంజూరు చేయడం కష్టం. తేలేదాకా ఖర్చుపెట్టే ధైర్యం దాతకే ఉండాలి.

భారతదేశంలో చట్టం, కంపెనీలు, దత్తతలు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం — వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. ఆ ఖర్చుకు పనికొచ్చే పనుల జాబితా అయిన ఏడో షెడ్యూలులో పర్యావరణం, వృక్ష జంతుజాల రక్షణ ఉన్నాయి. వాటితోపాటు జంతు సంక్షేమం, మొక్కల పెంపకం, నేల, నీరు, గాలి నాణ్యత అన్నీ ఒకే పద్దు కింద ఉన్నాయి. మొక్క నాటి ఫొటో తీయడం సులువు కనుక ఆ పద్దులో డబ్బు ఎక్కువగా అటే పోతుంది. పైగా కంపెనీలు తమ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఖర్చుపెట్టడానికి ఇష్టపడతాయి. నల్లమల నడిబొడ్డున ఫ్యాక్టరీ ఉండదు, ఉండకూడదు. డబ్బు అక్కడికి చేరాలంటే కంపెనీ తనంతట తాను అటువైపు చూడాలి.

ఈ దారిలో ఒక పెద్ద మలుపు బట్టమేక పిట్ట కేసులో వచ్చింది. ఒకప్పుడు నంద్యాల జిల్లా రోళ్లపాడులో కనిపించిన ఈ భారీ పక్షి ఇప్పుడు ప్రధానంగా రాజస్థాన్ ఎడారిలో కొద్ది సంఖ్యలో మిగిలింది. విద్యుత్తు తీగలకు తగిలి చనిపోతోంది. అక్కడి కృత్రిమ సంతానోత్పత్తి కేంద్రాలకు మెళకువలు అందించింది అబుదాబిలోని హౌబారా పక్షుల నిధి. 2025 డిసెంబరు తీర్పులో సుప్రీంకోర్టు, కంపెనీల సామాజిక బాధ్యతలో పర్యావరణ బాధ్యత అంతర్భాగమని, అది దయతో చేసే దానం కాదని స్పష్టం చేసింది. ఈ సూత్రం అమలైతే రోళ్లపాడు గడ్డి భూముల లాంటి చోట్లకు కొత్త నిధి దారి తెరుచుకోవచ్చు.

విదేశీ విరాళాల దారి మాత్రం ఇరుకైంది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి వచ్చిన సవరణల వల్ల ఒక సంస్థ తాను అందుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదు, కార్యాలయ ఖర్చు 20 శాతం మించకూడదు. ఢిల్లీలో ఉన్న పెద్ద సంస్థ నిధి తెచ్చి, మారుమూల చిన్న సంఘానికి పంచే పాత పద్ధతి దీంతో ఆగిపోయింది. అడవి అంచున ఇద్దరు ముగ్గురితో నడిచే సంఘాల మీద ఈ దెబ్బ గట్టిగా పడింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటూ సొంతూరి బడికి, గుడికి ఉదారంగా ఇచ్చే తెలుగువారిలో విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు తమ ప్రాంతపు అడవికి ఇవ్వాలనుకున్నా ఈ చట్టం గడప దాటే రావాలి.

అంతగా ప్రచారం లేని ఒక మంచి ఏర్పాటు చట్టంలోనే ఉంది. 2006 సవరణతో వన్యప్రాణి చట్టంలో చేరిన 38ఎక్స్ సెక్షను ప్రకారం ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక టైగర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ ఉండాలి. సందర్శకుల రుసుములూ విరాళాలూ ఖజానాకు పోకుండా దానిలోకే వచ్చి అక్కడే ఖర్చవుతాయి. కేరళలోని పెరియార్ ఫౌండేషన్ దీనికి ముందుగా బాట వేసింది. అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాలకు దీర్ఘకాలం పనికొచ్చే పాత్ర ఇది. దాత ఇచ్చింది ఆ పాత్రలో మూలనిధిగా నిలిచి, వడ్డీతో పని నడిస్తే బాగుంటుంది.

హైదరాబాద్ చుట్టూ ‘అడవి దత్తత’ అన్నది ఇంకో రూపం. 2020లో నటుడు ప్రభాస్ ఖాజిపల్లి రిజర్వు ఫారెస్టులో 1,650 ఎకరాలను దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. మరికొందరు ప్రముఖులు, కంపెనీలు ఆ బాటలో వచ్చారు. భూమి అటవీశాఖదే, ప్రహరీ, నడక దారులు, పార్కు దాత డబ్బుతో వస్తాయి. ఊరు పెరిగి మింగేయబోతున్న పచ్చదనానికి ఇది గట్టి కాపలా, లక్షల మంది అభిమానులకు మంచి ఉదాహరణ. అయితే ప్రహరీ లోపలి ఉద్యానం వేరు, దుప్పి వెంట చిరుత తిరిగే అడవి వేరు. జంతుప్రదర్శనశాలలో పులికి ఏడాది తిండి ఖర్చు భరించడం, గాయపడిన జంతువులకు ఆశ్రయం కట్టడం కూడా అలాంటివే. పుణ్యమైన పనులే, కానీ అడవిలోని సంఖ్యను పెంచేవి కావు. దాత ఈ రెంటినీ వేరుచేసి చూసుకోవాలి.

బూట్లు, టార్చి, జీతం

నల్లమలలో బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా పనిచేసేవారిలో చెంచులు ఎందరో ఉన్నారు. జంతువుల బాట పక్కన ఎవరో అడ్డంగా పడేసిన కంప చూసి, ఉచ్చు ఏ సందులో బిగించి ఉంటుందో చెప్పగలిగిన చూపు వాళ్లది. అలాంటి మనిషికి కావలసినవి బూట్లు, రెయిన్‌కోటు, టార్చి, క్యాంపులో సోలార్ దీపం, బియ్యం, వేళకు జీతం. మొదటివన్నీ దాతలు సంతోషంగా ఇస్తారు. వాటి మీద పేరు వేయించుకోవచ్చు, అందజేసే వేళ ఫొటో ఉంటుంది. ముంబైలో హేమేంద్ర కొఠారీ నెలకొల్పిన వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ ట్రస్టు వంటివి దేశమంతటా అటవీ సిబ్బందికి వాహనాలు, గస్తీ సామగ్రి ఇచ్చి పెద్ద లోటు తీర్చాయి. జీతం మాత్రం ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే అది ప్రతి నెలా ఇవ్వాలి. బడ్జెట్ విడుదల ఆలస్యమైన నెలలో వాచర్ అప్పుచేసి క్యాంపుకు వెళ్తాడు, లేదా వెళ్లడు. వెళ్లని నెలలోనే ఉచ్చులు పడతాయి. ప్రభుత్వ సొమ్ము వచ్చేదాకా జీతం ముందుగా చెల్లించి, తర్వాత తిరిగి జమ చేసుకునే ఒక చిన్న నిధి ప్రతి అభయారణ్యానికీ ఉంటే దాత పేరు ఎక్కడా కనబడకపోవచ్చు, అడవికి మాత్రం అదే పెద్ద మేలు.

ఇలా ప్రభుత్వ సొమ్మును కదిలించే దాతృత్వానికి కర్ణాటకలో చక్కటి నమూనా ఉంది. బందీపూర్, నాగరహొళె అడవుల చుట్టూ వందల గ్రామాల్లో సెంటర్ ఫర్ వైల్డ్‌లైఫ్ స్టడీస్ 2015 నుంచి వైల్డ్ సేవె పేరిట ఒక టోల్‌ఫ్రీ నంబరు నడుపుతోంది. రాత్రి ఏనుగులు పంట తొక్కితే రైతు ఫోన్ చేస్తాడు. కార్యకర్త పొలానికి వచ్చి, ఫొటోలు తీసి, నష్టపరిహారం దరఖాస్తు నింపి, కాగితాలు అటవీశాఖకు చేరుస్తాడు. పరిహారం ఇచ్చేది ప్రభుత్వమే. దాత పెట్టింది కాగితం నడిపే ఖర్చు. ఏ సాయమూ అందని రైతు విసిగి కంచెకు కరెంటు పెడితే ఏనుగూ పోతుంది, ఒక్కోసారి మనిషీ పోతాడు. చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం ప్రాంతాల ఏనుగు బాధిత రైతులకు ఇలాంటి సేవ అక్షరాలా పనికొస్తుంది.

దాత చేతిలో దేశమంత అడవి

విదేశాల్లో దాతలు ఏకంగా పార్కులనే భుజాన వేసుకున్నారు. నార్త్ ఫేస్ దుస్తుల సంస్థ స్థాపకుడు డగ్ టాంప్‌కిన్స్, ఆయన భార్య క్రిస్ చిలీ, అర్జెంటీనాల్లో భూములు కొన్నారు. విదేశీయుడు దేశాన్ని రెండు ముక్కలు చేస్తున్నాడని చిలీలో ఏళ్లపాటు అనుమానించారు. 2015లో డగ్ చనిపోయాక క్రిస్ సుమారు 10 లక్షల ఎకరాలు చిలీకి ఇచ్చారు. ప్రభుత్వం దానికి తన వైపు నుంచి దాదాపు 90 లక్షల ఎకరాలు కలిపి 2018లో జాతీయ పార్కులుగా ప్రకటించింది. మొజాంబిక్‌లోని గొరొంగోసాలో అంతర్యుద్ధం జంతువుల్లో 90 శాతానికి పైగా తుడిచేస్తే, అమెరికా వ్యాపారి గ్రెగ్ కార్ 2004 నుంచి ప్రభుత్వంతో కలిసి దాన్ని నిలబెట్టాడు. అక్కడ పార్కు బడ్జెట్‌లోంచే బడులు, ఆరోగ్య కేంద్రాలు, కొండ మీద కాఫీ సాగు నడుస్తాయి. ఆఫ్రికన్ పార్క్స్ అనే సంస్థ 2000 నుంచి ప్రభుత్వాల తరఫున పార్కులను నడుపుతూ, 2023లో ఒక ప్రైవేటు ఫారం నుంచి 2,000 తెల్ల ఖడ్గమృగాలను కొని, పదేళ్లలో అడవుల్లోకి వదిలే పని చేపట్టింది.

ఇంత అధికారం ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు అడవిలో బతికే మనిషి గొంతు వినబడకపోయే ప్రమాదం ఉంది. 2019లో ఆఫ్రికా, ఆసియాల్లో రేంజర్ల అకృత్యాలకు వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ నిధులు అండగా నిలిచాయన్న ఆరోపణలు వస్తే, ఆ సంస్థ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మాజీ హైకమిషనర్ నవీ పిళ్లై అధ్యక్షతన స్వతంత్ర విచారణ వేయాల్సి వచ్చింది. కాంగోలో బాకా ఆదివాసుల మీద తమ రేంజర్లు అఘాయిత్యాలు చేశారని 2025లో ఆఫ్రికన్ పార్క్స్ ఒప్పుకుంది. ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. చెంచుల పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, ఏ పని తలపెట్టినా 2006 అటవీ హక్కుల చట్టం, గ్రామసభ తీర్మానం దాతకు కూడా దాటరాని గీతలే. 2021 గ్లాస్గో సదస్సులో ఆదివాసుల అటవీ హక్కులకు ప్రభుత్వాలు, దాతలు కలిసి ప్రకటించిన 170 కోట్ల డాలర్లలో మొదటి ఏడాది ఆదివాసీ సంస్థలకు నేరుగా చేరింది 7 శాతమే. మిగతాది మధ్యవర్తుల చేతుల మీదుగా నడిచింది.

కొత్త పాత్రలు

దానానికీ పెట్టుబడికీ మధ్య గీత చెరిగిపోతోంది. ప్రపంచ బ్యాంకు 2022లో దక్షిణాఫ్రికా నల్ల ఖడ్గమృగాల కోసం 15 కోట్ల డాలర్ల బాండు జారీచేసింది. మదుపరులు వడ్డీ వదులుకుంటారు, ఆ సొమ్ము రెండు పార్కులకు వెళ్తుంది, ఖడ్గమృగాల సంఖ్య పెరిగిన మేరకు అయిదేళ్ల చివర వాళ్లకు ప్రతిఫలం దక్కుతుంది. భూటాన్‌లో ఇంకో పద్ధతి. దాతలంతా కలిసి 4.3 కోట్ల డాలర్ల నిధి ఒకేసారి ఖరారు చేశారు. అది 14 ఏళ్లపాటు ఏటేటా తగ్గుతూ విడుదలవుతుంది, అదే కాలంలో ప్రభుత్వ వాటా పెరుగుతూ పోతుంది. నిధి అయిపోయే నాటికి పార్కులు దేశ బడ్జెట్ మీద నిలబడాలి. ఈ రెంటిలో భూటాన్ పద్ధతే మనకు దగ్గరగా ఉంది. జంతువుల సంఖ్యకు డబ్బు ముడిపెడితే వానలు లేని ఏడాది, జబ్బు వచ్చిన ఏడాది సిబ్బంది తప్పు లేకుండానే నష్టపోతారు. పద్నాలుగేళ్ల మాట ఇస్తే వాచర్‌కు, పరిశోధకుడికి నిలకడ దొరుకుతుంది.

ఆ నిలకడ ఎంత అవసరమో 2020లో, 2025లో ప్రపంచం చూసింది. కోవిడ్‌తో పర్యాటకం ఆగిపోగానే ఆఫ్రికాలో సందర్శకుల మీద ఆధారపడిన రక్షిత ప్రాంతాలు విలవిల్లాడాయి. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేయడంతో ఎన్నో దేశాల్లో రేంజర్ల జీతాలు, వేట నిరోధక పనులు రాత్రికి రాత్రి దిక్కులేనివయ్యాయి. ప్రైవేటు దాతలు పరుగున వచ్చి కొన్ని నిలబెట్టారు, అన్నీ నిలబెట్టలేకపోయారు. పర్యాటకం, విదేశీ సాయం, దాతల చందా, ప్రభుత్వ బడ్జెట్ — ఏ ఒక్క స్తంభం మీదే ఇల్లు నిలిపినా ఇదే జరుగుతుంది. రేపటి దాత ఇవ్వవలసిన ముఖ్యమైన కానుకల్లో ఇలాంటి గడ్డుకాలపు నిధి ఒకటి.

తీరం మీద ఒక రాత్రి

ఆంధ్ర తీరంలో జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. నెల్లూరు తీరంలో అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి మత్స్యకార యువకులను ఆ కాలానికి కాపలాగా పెట్టుకుంటాయి. చీకట్లో, లైటు వేయకుండా, అలల అంచు వెంట నడుస్తారు. ఇసుకలో రెండు వైపులా తెడ్లతో గీకినట్టున్న జాడ కనబడితే దాని వెంట పైకి వెళ్తారు. సన్నటి కర్రతో ఇసుక మెత్తదనం చూసి గూడు పోల్చుకుంటారు. వందకు అటూ ఇటూగా పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు. కుక్కలు, నక్కలు తవ్వక ముందే వాటిని ఎంత లోతులో ఉన్నాయో అంతే లోతులో కంచె లోపల మళ్లీ పాతిపెడతారు. ఆరేడు వారాలకు ఇసుక కుంగుతుంది, నల్లటి చిన్న తలలు బయటికి వస్తాయి. ఆ పిల్లలను సముద్రం వైపు వదిలే పొద్దున ఊరి పిల్లలంతా ఒడ్డునే ఉంటారు.

ఈ కాపలా అంతా నాలుగైదు నెలల గౌరవ వేతనం, ఒక కంచె, కొన్ని గోనె సంచుల ఖర్చు. దాతలకు ఇది చాలా చిన్న మొత్తం. ఒడ్డు దాటిన పిల్లల్లో పెరిగి పెద్దయ్యేవి అతి కొద్ది. వాటిలో ఆడవి పది, పదిహేనేళ్లకు గుడ్లు పెట్టే వయసుకొచ్చి, పుట్టిన తీరం వైపే తిరిగి వస్తాయి. ఈ ఫిబ్రవరిలో నెల్లూరు ఇసుక మీంచి సముద్రంలోకి పాకిన తాబేలు పిల్ల ఒడ్డెక్కేది దాదాపు 2040లో. ఆ రాత్రి అలల అంచు వెంట నడవాల్సిన మనిషికి వేతనం ఇప్పటిదాకా ఏ మూడేళ్ల గ్రాంటులోనూ రాసి లేదు.